ఉద్యోగం వదిలి సేవకా, ఉంచుకునే సేవకా?

ఒంగోలు చుట్టుపక్కల క్రైస్తవ సంఘాల్లో కుర్రాళ్లు అడుగుతూనే ఉంటారు: దేవుని సేవకు పిలుపు వచ్చింది, ఉద్యోగం మానేయనా?

డబ్బు: మానేస్తే ఇల్లు కానుకల మీద నడవాలి. పొగాకుకు రేటు పలికిన ఏడాది కవర్లు బరువుగా ఉంటాయి, లేకపోతే చిల్లరే. ఉంచుకుంటే నెల తిరిగేసరికి జీతం, ఎవరి చెయ్యీ చూడక్కర్లేదు. బైబిల్లో పౌలు కొరింథులో డేరాలు కుట్టుకుంటూనే బోధించాడు.

శ్రమ: మానేస్తే రోజంతా సేవకే. ఉంచుకుంటే చీమకుర్తి క్వారీలో షిఫ్టు దిగి, చెవుల్లో గ్రానైట్ దుమ్ము కడుక్కుని, కునికిపాట్లతో రాత్రి ప్రార్థనకు.

రిస్కు: ఇక్కడే నాకు పేచీ. జీతం వదిలినవాళ్లంతా ఆశ వదిలినట్టు కాదు. మైకు మీద, ముందు వరుస కుర్చీ మీద మమకారం పెరగడం చూశాను. ఉద్యోగస్తుడికి వేరే ఉచ్చు: ప్లాటు వాయిదాలు తీరాక, పాప పెళ్లయ్యాక అంటూ ఏళ్లు గడిచిపోతాయి.

అయినా లోకం పని అంటే అంటు అనుకోకండి. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ మట్టిపని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. ఆయన సేవలోనే 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

అప్పులు లేక, భార్య మనసారా ఒప్పుకుని, సంఘం పంపుతానంటే మానేయండి. ఇంట్లో మందులు వాడే అమ్మానాన్నలుంటే ఉద్యోగం ఉంచుకోండి. కేవలం ఆఫీసర్‌తో టెన్షన్ తట్టుకోలేకనైతే ముందు ట్రాన్స్‌ఫర్ అడగండి.