బ్యాటిల్‌టెక్: మొదటి పెట్టె చాలు, ఎక్స్‌ఎల్ ఇంజిన్ తర్వాత చూసుకోవచ్చు

బ్యాటిల్‌టెక్ అంటే మెక్‌లనే భారీ యుద్ధ యంత్రాలతో బల్ల మీద ఆడే పోరాట ఆట. అది మొదలుపెట్టే ప్రతి ఒక్కరికీ వచ్చే సందేహం ఇది. 'ఎ గేమ్ ఆఫ్ ఆర్మర్డ్ కంబాట్' పెట్టె ఒక్కటీ సరిపోతుందా, ఇంకా మెరుగైన టెక్నాలజీ ఉన్న క్లాన్ సేనల మెక్‌లు వచ్చే క్లాన్ ఇన్వేజన్ పెట్టె కూడా వెంటనే తెచ్చుకోవాలా? నా మాట అడిగితే మొదటిది ఒక్కటే కొనండి, దాన్ని తనివితీరా ఆడండి.

అందులో 8 ప్లాస్టిక్ మెక్‌లు వస్తాయి. 20 టన్నుల లోకస్ట్ నుంచి 85 టన్నుల బ్యాటిల్‌మాస్టర్ దాకా బొమ్మలన్నీ చక్కగా ఉన్నాయి. అన్నీ మామూలు టెక్నాలజీవే: మామూలు ఇంజిన్, టర్నుకు ఒక్కో పాయింటు వేడి మాత్రమే లాగే హీట్ సింకులు.

నాకు ప్రాణం ఆసమ్ 8క్యూ. 80 టన్నులు, 3 పీపీసీలు (దూరం నుంచి గట్టిగా కొట్టే ఫిరంగులు), 28 హీట్ సింకులు. ఒక్కో పీపీసీకి 10 వేడి. కదలకుండా నిలబడి మూడూ పేలిస్తే 30లో 28 పోయి 2 మిగులుతుంది. మళ్ళీ పేలిస్తే 4. మూడోసారీ అదే పని చేస్తే 6 అవుతుంది, 5 చేరగానే నడక మందగిస్తుంది. కాబట్టి వరుస టర్నుల్లో మూడు, మూడు, రెండు పీపీసీలు పేల్చాలి. ఆ లెక్క చేతికి అలవాటయ్యాక వచ్చే ఆనందమే వేరు.

మా తమ్ముడు అదే ఆసమ్‌లో కొత్త రకం, 9ఎం, ఆడతాడు. "అక్కా, ఇంకా ఆ పాత ఇంజినేనా?" అంటాడు. వాడిది ఎక్స్‌ఎల్ అనే తేలిక ఇంజిన్, అంతే శక్తి ఉన్న మామూలు ఇంజిన్ బరువులో సగమే. నాది 3 గళ్ళు నడిస్తే వాడిది 4 నడుస్తుంది. వాడి ఈఆర్ పీపీసీలు, అంటే ఎక్కువ దూరం కొట్టే రకం, 18 గళ్ళకు బదులు 23 గళ్ళ దూరం కొడతాయి. కానీ ఒక్కోదానికి 15 వేడి. మూడూ కలిపి 45, వాడి 20 డబుల్ హీట్ సింకులు లాగేది 40. అంత ఖరీదైన యంత్రం నా పాతదానికంటే తొందరగా వేడెక్కుతుంది!

అసలు తేడా దెబ్బ తిన్నప్పుడు తెలుస్తుంది. వాడి ఎక్స్‌ఎల్ ఇంజిన్ మెక్ మొండెం రెండు పక్కలకూ పాకి ఉంటుంది. ఒక పక్క ఊడిందంటే ఇంజిన్‌కు ఒకేసారి మూడు దెబ్బలు, మెక్ అక్కడికక్కడే పోతుంది. నా 8క్యూకి ఎడమ పక్క మొత్తం పోయినా, చెయ్యి రాలిపోయినా, మిగిలిన రెండు పీపీసీలతో పోరాడుతూనే ఉంటుంది. యంత్రం ముక్కలుముక్కలుగా ఓడిపోతుంటే ప్రతి టర్నులో ఏదో ఒక నిర్ణయం మిగులుతుంది. ఈ ఆటలో నాకు నచ్చేది అదే.

కొత్తవన్నీ వద్దనను. డబుల్ హీట్ సింక్ నిజంగా గొప్పది: అదే ఒక టన్నుకి రెట్టింపు చల్లదనం, కాకపోతే మెక్ లోపల భాగాలు అమర్చే గదుల్లో, అంటే స్లాట్లలో, 3 తినేస్తుంది. ఎండో స్టీల్ అనే తేలిక అస్థిపంజరంతో 80 టన్నుల మెక్‌కి 4 టన్నులు ఆదా, బదులుగా 14 స్లాట్లు పోతాయి. ఈ రెండూ ప్రాణం మీదకు తేవు. క్లాన్ ఈఆర్ పీపీసీ అంటే మాత్రం టెన్షనే. తలకు కవచం 9, లోపల 3. మామూలు పీపీసీ కొట్టే 10ని నిండు కవచమున్న తల తట్టుకుంటుంది, క్లాన్‌ది కొట్టే 15ని తట్టుకోలేదు.

ఒక్క లోటు చెప్పాలి. ఆట నెమ్మది. ప్రతి ఆయుధానికీ విడిగా పాచికలు వేయాలి, షీటు మీద చిన్న చిన్న గుండ్రాలు దిద్దుకుంటూ పోవాలి. అవతలి వాళ్ళకీ ఓపిక ఉండాలి.

క్లాన్ పెట్టె కొన్నాక యంత్రానికి యంత్రం అని జట్లు కట్టకండి, ఆట ఏకపక్షమైపోతుంది. ఒక్కో మెక్ బలాన్ని చెప్పే అంకె, బ్యాటిల్ వాల్యూ, కూడి రెండు వైపులా సరిపెట్టండి, మామూలు టెక్నాలజీ వాళ్ళకు ఒకటో రెండో మెక్‌లు ఎక్కువే వస్తాయి.