రోజూ కొత్త ప్లానా, మధ్యలో ఒకసారి మార్చితే చాలా?

నోటి, గొంతు క్యాన్సర్‌కు కరెంటు (రేడియేషన్) పెట్టించబోయే ఇళ్ల నుంచి ఈ మధ్య తరచూ వస్తున్న ప్రశ్న ఇది: "ఏ రోజుకారోజు ప్లాన్ మార్చే మెషీన్లు వచ్చాయట కదండీ, సైడ్ ఎఫెక్టులు తగ్గుతాయట. విశాఖ వదిలి హైదరాబాదో చెన్నైయో తీసుకెళ్లమంటారా?"

ప్లాన్ అంటే కిరణాలు ఎక్కడ, ఎంత పడాలో వేసుకునే లెక్క. నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది ఒక్కటే: జబ్బున్న భాగం ఎంత తొందరగా మారుతుంది?

గొంతు వారాల్లో మారుతుంది. 33 నుంచి 35 సిట్టింగులు, దాదాపు ఏడు వారాలు. గడ్డ కరుగుతుంది, మింగలేక మనిషి చిక్కిపోతాడు, తల కదలకుండా ముఖానికి బిగించే మాస్క్ వదులవుతుంది. చెవి కింది లాలాజల గ్రంథులు కుంచించుకుపోయి, కిరణాలు ఎక్కువ పడే వైపుకు జరుగుతాయి. మొదట్లో వాటికి తగిలే సగటు డోసు 26 గ్రే (కిరణాల మోతాదు కొలత) లోపే ఉంచినా, నాలుగో వారానికి లెక్క తప్పవచ్చు. అలా తప్పితే నోరు ఎండిపోతుంది, ముద్ద ముద్దకూ నీళ్లు తాగాల్సి వస్తుంది. అయితే ఇది రాత్రికి రాత్రి వచ్చే మార్పు కాదు. శరీరం బాగా మారినవారికి మూడు, నాలుగు వారాల మధ్య మళ్లీ సీటీ తీసి, కొత్త మాస్క్‌తో ప్లాన్ వేస్తే చాలావరకు సరిపోతుంది. అందరికీ వారం వారం మార్చి చూసిన ఫ్రాన్సు పరీక్ష ఆర్టిక్స్ ఫలితాలు 2023లో వచ్చాయి. ఏడాది తర్వాత లాలాజలంలో అదనపు మేలేమీ కనిపించలేదు. పాత పద్ధతి నుంచి ఐఎంఆర్‌టీకి (గడ్డ ఆకారానికి తగ్గట్టు కిరణాల మోతాదును మలిచే పద్ధతికి) మారడం వల్ల వచ్చిన లాభం మాత్రం చాలా పెద్దది. 2011 నాటి బ్రిటన్ పరీక్షలో ఏడాదికి నోరెండే బాధ 74 శాతం మంది నుంచి 38 శాతానికి దిగింది. కాబట్టి ఐఎంఆర్‌టీ, సిట్టింగుకు ముందు స్కాన్ చూసి సరిచేయడం ఉన్నాయా అన్నది ముందు అడగండి.

ఇంకో మాట. తల, మెడ క్యాన్సర్లలో చికిత్స ఒక్క రోజు సాగినా జబ్బు అదుపులో ఉండే అవకాశం ఒక శాతం పైగా తగ్గుతుందని అంచనా. శ్రీకాకుళం, అనకాపల్లి పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లు ఊరుగాని ఊళ్లో ఏడు వారాలు ఉండి, తిండి సహించక మధ్యలో మానేస్తే ఏ మెషీనూ ఆ నష్టం పూడ్చలేదు. అందుకే గొంతు విషయంలో నేను ఇంటికి దగ్గరి వైద్యానికే మొగ్గుతాను. అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా ఆసుపత్రి ఉంది, విశాఖ నగరంలో ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ ఉంది. ముందు ఇక్కడ అడిగి చూడండి.

పొత్తికడుపు సంగతి వేరు. మూత్రాశయం, పేగులు గంటల్లో నిండుతాయి, ఖాళీ అవుతాయి. వాటితో పాటు గర్భాశయం ముందుకీ వెనక్కీ కదులుతుంది. గర్భాశయ ముఖద్వారం, మూత్రాశయ క్యాన్సర్లకు రోజువారీ ప్లాన్ వల్ల నిజంగా ప్రయోజనం ఉండొచ్చు. కానీ బల్ల మీద ఎక్కువసేపు పడుకోవాలి, ఆ లోపే మూత్రాశయం మళ్లీ నిండుతుంది. ఆ సౌకర్యం అందనివారు రోజూ ఒకే వేళకు, డాక్టరు చెప్పినన్ని నీళ్లు తాగి వెళ్లాలి. ఈ పద్ధతిని తేలిగ్గా తీసుకోవద్దు.

ప్రోటాన్ (ఎక్స్‌రేలకు బదులు ప్రోటాన్ కణాలతో ఇచ్చే రేడియేషన్) గురించీ అడుగుతున్నారు. చెన్నైలో 2019 నుంచి ఉంది, పిల్లల గడ్డల్లాంటి వాటికి మంచిది.

గొంతుకు కరెంటు పెట్టించుకుంటుంటే వారం వారం బరువు రాసి పెట్టుకోండి. మాస్క్ వదులైనా, బరువు పది శాతం దాకా తగ్గినా ఆ రోజే టెక్నీషియన్‌కు చెప్పి, మళ్లీ స్కాన్ అవసరమేమో డాక్టరుగారిని అడగండి.