రాస్తాఫారీ మతంలో రెండు దారులు: బోబో అషాంతి, ట్వెల్వ్ ట్రైబ్స్

1930లో ఇథియోపియా చక్రవర్తిగా పట్టాభిషేకం జరుపుకున్న హైలే సెలాసీ జమైకాలో పుట్టిన రాస్తాఫారీ మతంలోని ఈ రెండు శాఖలకూ ముఖ్యుడే. తేడా అంతా బతికే తీరులో ఉంది.

1950ల్లో ప్రిన్స్ ఇమ్మాన్యుయేల్ మొదలుపెట్టిన బోబో అషాంతిలో కట్టుబాట్లు గట్టివి. ఆయన్ని యాజకుడిగా, నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వీని ప్రవక్తగా, సెలాసీని రాజుగా కొలుస్తారు. జడలు కట్టిన జుట్టు మీద తలపాగా, ఒంటిమీద పొడవాటి అంగీ. కింగ్‌స్టన్ దగ్గర బుల్ బేలో కలిసి ఉంటారు, చీపుళ్లు కట్టి అమ్ముతారు. శనివారం పని బంద్. నెలసరిలో ఆడవాళ్లని వేరుగా ఉంచుతారు. ఇది మాత్రం నాకు మింగుడుపడదు.

1968లో వెర్నన్ కారింగ్టన్ స్థాపించిన ట్వెల్వ్ ట్రైబ్స్‌లో ఇంత పట్టింపు లేదు. జడలు, మాంసం ఎవరిష్టం వాళ్లది. రోజుకో బైబిల్ అధ్యాయం చదవాలి. పుట్టిన నెలను బట్టి బైబిల్లోని పన్నెండు ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటి ఉంటుంది; ఫిబ్రవరిలో పుట్టిన గాయకుడు బాబ్ మార్లేది యోసేపు గోత్రం.