లేవని ల్యాప్‌టాప్‌కి వెంటాయ్ పెన్‌డ్రైవ్: అయిదేళ్ళ వాడకం తర్వాత

ల్యాప్‌టాప్ లేవడం లేదనగానే చాలాచోట్ల ముందు వినపడే మాట "ఫార్మాట్ కొట్టాలి". ఆ మాట అనేముందు ఈ పెన్‌డ్రైవ్ పెట్టి పది నిమిషాలు చూస్తే ఫైళ్ళు దక్కే అవకాశం చాలా ఎక్కువ. ఒంగోలు, చీమకుర్తి, కొత్తపట్నం వైపు మెషిన్ల మీద అయిదేళ్ళుగా వాడాక చెబుతున్న మాట ఇది.

వెంటాయ్ 2020లో వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్. ఒకే పెన్‌డ్రైవ్ నుంచి రకరకాల సిస్టమ్‌లని మెనూలో ఎంచుకుని నడుపుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌లో ఒక్కసారి ఎక్కిస్తే చాలు. ఎక్కించేటప్పుడు మాత్రం అందులో ఉన్నదంతా పోతుంది. తర్వాత ఐఎస్‌ఓ ఫైళ్ళను (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండేవి) మామూలుగా కాపీ చేసుకోవడమే. 64 జీబీలో విండోస్ 11, లినక్స్ మింట్ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్), మెమ్‌టెస్ట్86 ప్లస్ (ర్యామ్‌ని పరీక్షించేది) పెట్టుకున్నా ఇంకా బోలెడు జాగా మిగులుతుంది. ఆ జాగాలో ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ ఫోల్డర్ ఒకటి తప్పకుండా ఉంచుకోవాలి. ఎందుకో కింద చెబుతాను. దేని నుంచి లేవాలో ఎంచుకునే బూట్ మెనూకి, ఆన్ చేయగానే నొక్కాల్సిన కీ: డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్.

నో పవర్, నో డిస్‌ప్లే కేసుల్లో ఇది ఎందుకూ పనికిరాదు. లైటే రాకపోతే ముందు చార్జర్ చూడాలి. గుండ్రటి పిన్ను చార్జరైతే మల్టీమీటర్‌లో లేబుల్ మీదున్న 19 లేదా 19.5 వోల్టులు రావాలి. వచ్చినంత మాత్రాన చార్జర్ మంచిదని తేల్చేయకూడదు, లోడ్ పడగానే కూలిపోయేవి ఉంటాయి. టైప్-సీ చార్జరైతే మీటర్‌తో తేలదు, మెషిన్ అడిగితేనే అది 20 వోల్టులు ఇస్తుంది. దానికి అదే వాట్ల ఇంకో చార్జర్ మార్చి చూడడమే దారి. తర్వాత చార్జర్ తీసి, అడుగు మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోవాలి. బోర్డులో నిలిచిన చార్జ్ దిగిపోయి, ఈ ఒక్క పనితోనే లేచే మెషిన్లు ఉన్నాయి. అప్పటికీ లేవకపోతే ఇక చిప్ లెవెల్ పనే, అంటే బోర్డు మీది భాగాల రిపేరు.

లైటు వచ్చి, ఫ్యాను తిరిగి, తెర నల్లగా ఉండిపోతే ముందు అనుమానించాల్సింది ర్యామ్‌ని. కొత్తపట్నం, మైపాడు లాంటి ఒడ్డు ఊళ్ళలో ఉప్పుగాలి వల్ల ఇది మరీ ఎక్కువ. ర్యామ్ తీసి వెలుతురులో ఏటవాలుగా పట్టి చూస్తే తెలిసిపోతుంది. తళతళలాడాల్సిన బంగారు గీతలు మసకబారి ఉంటాయి, ఒక్కోచోట ఆవగింజలో సగమంత పచ్చటి మచ్చ కూడా ఉంటుంది. మెత్తటి తెల్ల పెన్సిల్ రబ్బరుతో గీతల వెంబడే నాలుగైదుసార్లు రుద్దాలి. ఇంకు రబ్బరు వాడితే బంగారు పూత లేచిపోతుంది. రబ్బరు పొట్టుని బ్రష్‌తో దులిపి, 99 శాతం ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిచి, పూర్తిగా ఆరాక ఏటవాలుగా దూర్చి, రెండు పక్కల క్లిప్పులూ టక్‌మనేదాకా నొక్కాలి. రెండు ర్యాములుంటే ఒక్కోటే పెట్టి చూడాలి. ర్యామ్ కదిపాక మొదటిసారి తెర రావడానికి ఒకటి రెండు నిమిషాలు పట్టొచ్చు, కంగారుపడి ఆపేయకండి. లేచాక మెమ్‌టెస్ట్ కనీసం ఒక పాస్ (మొత్తం పరీక్ష ఒక విడత) పూర్తవనివ్వాలి. ఒక్క ఎర్ర గీత కనిపించినా ఆ ర్యామ్‌ని నమ్మకూడదు.

చీమకుర్తి గ్రానైట్ యూనిట్ల మెషిన్ల రోగం వేరు. లేస్తాయి, కొన్ని నిమిషాలకే టప్పున ఆరిపోతాయి. ఫ్యాను విప్పితే హీట్‌సింక్ (వేడిని బయటికి లాగే లోహపు భాగం) రెక్కలకి అడ్డంగా బూడిద రంగు దుప్పటి ముక్కలా దుమ్ము అట్టకట్టి ఉంటుంది. బయటి నుంచి బ్లోయర్ కొడితే అది ఇంకా లోపలికి కూరుకుంటుంది. ఫ్యాను విప్పి ఆ అట్టని పట్టకారుతో లాగి, ప్రాసెసర్ మీద కొత్త థర్మల్ పేస్ట్ (వేడిని హీట్‌సింక్‌కి అందించే ముద్ద) పెట్టాలి.

పెన్‌డ్రైవ్ విలువ తెలిసేది లోగో దాకా వచ్చి ఆగిపోయే మెషిన్లలో. ముందు లినక్స్ మింట్‌లోకి వెళ్ళి, డ్రైవ్ కనిపిస్తే ఫైళ్ళు బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసేయాలి. రిపేరు ఆ తర్వాతే, ఎందుకంటే చావడానికి సిద్ధంగా ఉన్న డిస్క్ మీద చెక్‌డిస్క్ (విండోస్ డిస్క్ రిపేర్ టూల్) నడిపితే ఉన్న కాస్తా పోతుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయినవారికి తెలియకుండానే ఇది ఆన్ అయి ఉండొచ్చు. కీ ఆ అకౌంట్ పేజీలో దొరుకుతుంది. అది లేకపోతే ఈ పెన్‌డ్రైవే కాదు, ఎవరూ ఏమీ చేయలేరు.

11వ తరం, ఆ తర్వాతి ఇంటెల్ మెషిన్లలో విండోస్ ఇన్‌స్టాలర్‌కి ఎస్‌ఎస్‌డీ కనపడకపోవడం మామూలే. ఎస్‌ఎస్‌డీని చూపించే ఇంటెల్ వీఎండీ డ్రైవర్ లేక అలా అవుతుంది. ఎస్‌ఎస్‌డీ పోయిందని కొత్తది కొనేయకుండా, లోడ్ డ్రైవర్ నొక్కి, పైన చెప్పిన ఇంటెల్ ఫోల్డర్ చూపిస్తే వచ్చేస్తుంది. ఇక అప్‌డేట్ తర్వాత లోపలికి పోకుండా చుక్కలు గిరగిరా తిరుగుతూనే ఉంటే, దానికి స్టార్టప్ రిపేర్ కంటే, రికవరీలోకి వెళ్ళి చివరి క్వాలిటీ అప్‌డేట్ తీసేయడమే ఎక్కువసార్లు పని చేసింది.

లోపాలు లేకపోలేదు. సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని లేవనివ్వని రక్షణ) ఆన్‌లో ఉంటే మొదటిసారి నీలం తెర వచ్చి కీ ఎన్‌రోల్ చేయమంటుంది, కొత్తవాళ్ళు అక్కడే బెదిరిపోతారు. బిట్‌లాకర్ ఉన్న మెషిన్‌లో కీ చేతిలో పెట్టుకోకుండా సెక్యూర్ బూట్ ఆపేస్తే, మళ్ళీ ఆ 48 అంకెల దగ్గరే ఇరుక్కుంటారు. ఎజెక్ట్ చేయకుండా లాగేస్తే ఐఎస్‌ఓ పాడై, మెనూలో కనిపిస్తూనే బూట్ అవదు. కొంటే నీలం నాలుక ఉన్న యూఎస్‌బీ 3.0దే కొనండి. పాత 2.0 పెన్‌డ్రైవ్‌లో మింట్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు.