ఆల్ ఆఫ్ అస్ వర్క్‌బెంచ్: ఆ మూడు పెట్టెల సంగతి

ఆల్ ఆఫ్ అస్ అంటే వాలంటీర్ల ఆరోగ్య రికార్డుల్ని, జీనోముల్ని (పూర్తి డీఎన్‌ఏ వివరాల్ని) పరిశోధకులకు అందించే అమెరికా ప్రభుత్వ కార్యక్రమం; వర్క్‌బెంచ్ ఆ డేటా మీద ఆన్‌లైన్‌లోనే పనిచేసుకునే చోటు. అందులో ఎన్ని లక్షల జీనోములున్నాయి, ఏ ఫార్మాట్లో ఉంటాయి వగైరా అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. 2022 మార్చిలో మొదటి విడత జీనోములు వచ్చినప్పటి నుంచి వాడుతున్న మీదట, ఇందులో నాకు బాగా నచ్చింది ఒక్కటే: కొత్త ప్రాజెక్టు నమోదు చేసే పేజీ. ఫారం నచ్చిందనే మనిషి ఉంటాడా అనుకునేవాళ్లు ఒకసారి డీబీగ్యాప్‌లో (అమెరికా ప్రభుత్వానిదే ఇంకో జన్యు డేటా భాండాగారం) దరఖాస్తు పెట్టి చూడండి.

డీబీగ్యాప్‌లో అనుమతి ప్రాజెక్టుకి ఇస్తారు. పరిశోధన ఉద్దేశం 2,200 అక్షరాల్లో, మామూలు జనానికి అర్థమయ్యే సారాంశం 1,100 అక్షరాల్లో రాయాలి. సంస్థ తరఫున అధికారి సంతకం కావాలి, ఆపైన కమిటీ చూడాలి, ఏడాదికోసారి పునరుద్ధరించుకోవాలి. ప్రశ్న మారిందంటే మళ్లీ అదే గడప తొక్కాలి. ఆల్ ఆఫ్ అస్‌లో అనుమతి మనిషికి ఇస్తారు. సంస్థ ఒప్పందం, గుర్తింపు తనిఖీ, శిక్షణ, ప్రవర్తనా నియమావళి మీద సంతకం ఒకసారి అయిపోతే, ఆపైన ఎన్ని ప్రాజెక్టులైనా మనమే తెరుచుకోవచ్చు. వర్క్‌స్పేస్ (ఒక్కో ప్రాజెక్టుకి తెరుచుకునే పనిగది) సృష్టించి, ఫారం నింపి, సేవ్ కొడితే ఆ పూటే పని మొదలు. ఎవరి ఆమోదం కోసమూ ఎదురుచూడక్కర్లేదు. బదులుగా మీ పేరు, సంస్థ, మీరు రాసిన వివరణ బహిరంగ ప్రాజెక్టుల జాబితాలోకి ఎక్కుతాయి. జీనోమ్ ఇచ్చిన మనిషి కూడా తెరిచి చదువుకోవచ్చు.

ఫారంలో అసలు సరుకంతా మూడు పెట్టెల్లో ఉంది. ఏ శాస్త్రీయ ప్రశ్న, అది ఎందుకు ముఖ్యం అన్నది మొదటిది. ఏ పద్ధతులతో, ఏ డేటాతో చేస్తారన్నది రెండోది. ఏం తేలుతుందనుకుంటున్నారు, దాంతో ఒరిగేదేమిటన్నది మూడోది. ఒక్కోదానికి వెయ్యి అక్షరాలు. యాభై కూడా దాటకపోతే మరీ పొట్టిగా ఉందని అదే చెబుతుంది. కొత్తవాళ్లు మొదటి పెట్టెలో వాళ్ల గ్రాంటు ప్రతిపాదన తెచ్చి అతికిస్తారు: ‘టైప్ 2 మధుమేహం, దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధుల మధ్య ప్లయోట్రోపీని బహుజన్యు స్కోర్లతో మదింపు చేస్తాం’. చదివేవాళ్లకు ఏం ఎక్కుతుంది? ‘షుగరు ఉన్నవాళ్లలో కొందరికే కిడ్నీలు ఎందుకు దెబ్బతింటాయి? అందులో జన్యువుల వాటా ఎంత?’ అని రాస్తే చాలు. రాసేది ఇంగ్లీషులోనే అయినా సూత్రం ఇదే.

పని పట్టేది రెండో పెట్టె. క్రియాటినిన్ విలువలు ఆసుపత్రి రికార్డుల్లోంచి తీసుకుంటాం, రోగనిర్ధారణకు ఫలానా కోడ్లు కనీసం రెండు వేర్వేరు తేదీల్లో ఉండాలి, జన్యురూపాలు తరచుగా కనిపించే వేరియంట్ల (డీఎన్‌ఏలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల) చిన్న కాల్‌సెట్ (ఎవరిలో ఏ తేడా ఉందో చెప్పే ఫైళ్లు) నుంచి, వంశమూలాల సవరణకు ప్రిన్సిపల్ కాంపొనెంట్లు (ఆ మూలాల తేడాల్ని కొన్ని అంకెల్లోకి కుదించే లెక్క): ఇంత వివరంగా మూడు వాక్యాలు రాయలేకపోతున్నారంటే కోహోర్ట్ (అధ్యయనంలోకి తీసుకునే మనుషుల గుంపు) ఇంకా తేలలేదని అర్థం. అందుకే ఫారం ముట్టుకునే ముందు డేటా బ్రౌజర్ తెరవండి, దానికి లాగిన్ కూడా అక్కర్లేదు. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ఎంతమందికి ఉందో అక్కడే కనిపిస్తుంది. ఆ అంకె చూశాక రెండో పెట్టెలో రాసేది ఎలాగూ మారుతుంది.

టియర్ (ఎంత లోతు డేటా అందాలన్న స్థాయి) విషయంలో మాత్రం తొందరపడొద్దు. జీనోములు కంట్రోల్డ్ టియర్‌లోనే ఉంటాయి. రిజిస్టర్డ్ టియర్‌లో జీనోములు లేవు సరికదా, తేదీలు కూడా వెనక్కి జరిపి ఉంటాయి. వర్క్‌స్పేస్ పుట్టాక టియర్ మారదు. నకలు తీసినా మారదు. పొరపాటున రిజిస్టర్డ్ ఎంచుకుంటే కొత్తది తెరిచి మూడు పెట్టెలూ మళ్లీ నింపుకోవడమే.

ఇక నకళ్ల గొడవ. ఇది ఫారం తప్పు కాదు, వాడేవాళ్ల అశ్రద్ధ. అందులో మేమూ ఉన్నాం. డేటాసెట్ కొత్త వెర్షన్ వస్తే (7వది 2023 ఏప్రిల్‌లో, 8వది 2025 ఫిబ్రవరిలో వచ్చాయి) పాత వర్క్‌స్పేస్‌ని దానికి మార్చలేం. నకలు తీసి, ఆ నకలుకి కొత్త వెర్షన్ ఎంచుకోవాలి. నకలు అంటే కొత్త నమోదు. పేరు ‘డూప్లికేట్ ఆఫ్’ అని తగిలించుకుని వస్తుంది, మూడు పెట్టెల్లోనూ పాత జవాబులు నిండి ఉంటాయి. సేవ్ మీటా ఎదురుగానే ఉంటుంది, వేలు అక్కడికే పోతుంది. రెండేళ్ల కిందట కిడ్నీల మీద మొదలైన ప్రశ్న ఈలోపు షుగరు మందు మెట్‌ఫార్మిన్ ఎవరికి పనిచేస్తోందన్న దాకా పోయి ఉంటుంది. బహిరంగ జాబితాలో మాత్రం ఒకే ప్రాజెక్టు రెండు మూడు చోట్ల, కిడ్నీల వివరణతోనే కనిపిస్తుంది. వ్యాసం పంపాక సమీక్షకుడు జాబితాలో వెతికితే రెంటికీ పొంతన ఉండదు. వివరణ నిజంగా, సరిగ్గా ఉండాలి, ఉద్దేశం మారితే మార్చాలి అన్నది మనం సంతకం పెట్టిన నియమావళిలోనే ఉంది. వివరణ ఓసారి సరిచూసుకోమని కొన్నాళ్లకు తెర మీద అడుగుతుంది కూడా. చదవకుండా సరేనని కొట్టేస్తాం.

కాబట్టి నకలు తీసేటప్పుడు ముందు పేరు మార్చండి. ప్రశ్న ముందు, వెర్షన్ అంకె చివర ఉంటే మంచిది. తర్వాత రెండో పెట్టె తిరగరాయండి, ఎందుకంటే కొత్త వెర్షన్‌లో కాల్‌సెట్ల దారులు, కోహోర్ట్ లెక్కలు ఎలాగూ మారతాయి. నోట్‌బుక్కులు (కోడ్ రాసుకునే ఫైళ్లు), కోహోర్ట్ నిర్వచనాలు నకలుతో పాటే వస్తాయి. బకెట్‌లో (వర్క్‌స్పేస్‌కి ఉండే క్లౌడ్ నిల్వలో) దాచుకున్న మధ్యంతర ఫైళ్లు, డిస్కు మీద ఉన్నవి రావు. వాటిని పాత బకెట్ నుంచి జీఎస్‌యుటిల్ అనే గూగుల్ క్లౌడ్ కమాండుతో కాపీ చేసుకోవాలి. ఆ పని పూర్తయ్యేదాకా పాత వర్క్‌స్పేస్ తీసేయకండి. ఇంకో మాట: క్లౌడ్ ఖర్చులకు ఆరంభంలో ఇచ్చే 300 డాలర్లు వర్క్‌స్పేస్ సృష్టించినవారి ఖాతాలోంచే పోతాయి. నకలు ఎవరు తీశారో, తోటివాళ్లు నడిపిన హెయిల్ క్లస్టర్ (జీనోముల లెక్కలకు వాడే కంప్యూటర్ల గుంపు) బిల్లు కూడా వాళ్ల మీదే.

ఇంతదాకా పొగిడినదానికి ఒక కత్తిరింపు. కమిటీ లేకపోవడం హాయే కానీ, ప్రశ్న ఈ డేటాకి సరిపడదని ముందే చెప్పేవాళ్లూ ఉండరు. మన ప్రాంతపు ఉదాహరణే తీసుకోండి. బీసీహెచ్‌ఈ జన్యువులో 307వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం బదులు ప్రోలిన్ వచ్చే మార్పు ఆర్యవైశ్యుల్లో కనిపిస్తుందని ఇక్కడి మత్తుడాక్టర్లకు తెలుసు. రెండు ప్రతులూ అలా ఉన్నవాళ్లకు సక్సినైల్‌కోలిన్ (ఆపరేషన్ వేళ కండరాలు సడలించే మందు) ఇస్తే, సొంతంగా ఊపిరి తీసుకోవడానికి గంటలు పట్టొచ్చు. దీని మీద ప్రాజెక్టు నమోదు చేయడానికి ఏ అడ్డూ లేదు. కానీ ఆ డేటాలో కులం అన్న కాలమ్ లేదు. ఉన్నదల్లా దక్షిణాసియా అన్న వంశమూలం ముద్ర. దాన్ని అంచనా వేసే కంప్యూటర్ మోడల్‌కు పాఠం చెప్పింది హెచ్‌జీడీపీ, 1000 జీనోమ్స్ అనే ప్రపంచవ్యాప్త జన్యు ప్రాజెక్టుల నమూనాలు. ఆ రెండోదాంట్లో బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ల గుంపొకటి ఉందనుకోండి, ఆ మేరకే మన చుట్టరికం. పైగా 1 నుంచి 20 దాకా మనుషుల లెక్క దేన్నీ బయట ప్రచురించకూడదు. పట్టికలో ఒక గడి దాచేసి, మొత్తంలోంచి తీసివేస్తే తెలిసేలా వదిలినా తప్పే. చిన్న గుంపు, అరుదైన మార్పు రెండూ కలిస్తే ప్రచురించడానికి ఏమీ మిగలకపోవచ్చు. ఇది మూడో పెట్టె నింపేటప్పుడే తట్టాలి.

ఫారం చివర్లో, మీ వివరణ ఏ వర్గానికైనా మచ్చ తెచ్చేలా ఉందేమో ఆల్ ఆఫ్ అస్ సమీక్ష బోర్డుని చూడమని కోరే వీలుంది. తప్పనిసరి కాదు. ఒక సముదాయం పేరు రాయాల్సి వస్తే మాత్రం కోరుకోవడమే మేలు.

మధుమేహం, రక్తపోటు లాంటి పెద్ద రోగాల మీద ప్రశ్నలుండి, సంస్థ ఒప్పందం ఇప్పటికే కుదిరి ఉన్నవాళ్లకు నేను దీన్నే ముందు చెబుతాను. ఒప్పందం లేని చోట పనిచేసేవాళ్లకు ఈ ఫారం దాకా రావడమే పెద్ద పని, వాళ్ల విషయంలో నా మెచ్చుకోలు చెల్లదు. ప్రశ్న పూర్తిగా మనవాళ్ల జన్యువుల గురించే అయితే ఫరీదాబాద్‌లోని ఐబీడీసీలో (భారత జీవశాస్త్ర డేటా కేంద్రం) జీనోమ్ ఇండియా ప్రాజెక్టు జీనోములు సుమారు 10,000 ఉన్నాయి. అక్కడ దారి వేరు, ప్రతిపాదన రాసి సమీక్షకు పంపాలి. ఈ మూడు పెట్టెలకు రాసుకున్న జవాబులు దానికి చిత్తుప్రతిగా పనికొస్తాయి, రెండోది మరీను.