నొప్పులు లెక్కపెట్టే యాప్: నెలలు నిండినవాళ్లకి ఎంతవరకు పనికొస్తుంది

ఐదు స్టార్లకి మూడు. గడియారం పని బాగానే చేసింది కాబట్టి మూడు ఇచ్చాను, డాక్టర్ పని కూడా నేనే చేసేస్తానని ముందుకొచ్చింది కాబట్టి రెండు కోసేశాను.

ఇలాంటి యాప్‌లు బోలెడున్నాయి, అన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి, అందుకే పేరు చెప్పడం లేదు. స్క్రీన్ మధ్యలో పెద్ద బటన్ ఒకటి. పొట్ట బిగుసుకోవడం మొదలవగానే ఒకసారి నొక్కాలి, వదిలేశాక మళ్లీ నొక్కాలి. నొప్పి ఎన్ని సెకన్లు ఉంది, ముందు నొప్పికీ దీనికీ ఎంత ఎడం ఉంది, కింద వరసగా రాసుకుంటూ పోతుంది. కాసేపయ్యాక పైన ఒక మెసేజ్ పెడుతుంది, ‘ఇంకా టైముంది’ అనో, ‘బ్యాగ్ సర్దుకోండి’ అనో, ‘వెంటనే హాస్పిటల్‌కి బయల్దేరండి’ అనో. నా గొడవంతా ఆ మెసేజ్‌తోనే.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటాను. నొప్పుల మధ్య ఎడం కొలవడంలో చాలామంది తికమకపడతారు. ఒక నొప్పి మొదలైనప్పటి నుంచి తర్వాతి నొప్పి మొదలయ్యేదాకా లెక్కపెట్టాలి, తగ్గినప్పటి నుంచి కాదు. 7:00కి మొదలై 7:01కి వదిలి, మళ్లీ 7:06కి వచ్చిందంటే ఎడం 6 నిమిషాలు, 5 కాదు. హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే వాళ్లు అడిగేది కూడా ఈ లెక్కే. నొప్పిలో ఉన్న మనిషి గోడ గడియారం చూసి ఈ తీసివేతలు చేయలేదు, పక్కన ఉన్నవాళ్లు కంగారులో ఇంకా చేయలేరు, యాప్ మాత్రం తప్పకుండా చేస్తుంది. రాత్రిపూట కళ్లలో కొట్టకుండా నల్లటి స్క్రీన్ పెట్టుకోవచ్చు, అది కూడా బాగుంది.

బటన్ ఎవరు నొక్కాలన్నది మాత్రం ముందే అనుకోండి. మా ఇంట్లో మా ఆయన నొక్కేవాడు, నా ముఖం చూసి. ముఖం మారేసరికి నొప్పి అప్పటికే సగానికి వచ్చేసి ఉండేది, దాంతో నిమిషం ఉన్న నొప్పి లిస్టులో అరనిమిషంగా పడేది. బిగువు మొదలవుతోందని తెలిసేది మోసేవాళ్లకే, కాబట్టి ‘ఇదిగో’ అని మీరు అనాలి, వాళ్లు నొక్కాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ యాప్ పెట్టుకునేదే దొంగ నొప్పులా, నిజం నొప్పులా అని తేల్చుకోవడానికి. దొంగ నొప్పుల్ని డాక్టర్లు బ్రాక్స్‌టన్ హిక్స్ అంటారు, 1872లో వీటి గురించి రాసిన ఇంగ్లండ్ డాక్టర్ జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ పేరది (మోసేది మనం, పేరు ఆయనకి). వీటిలో చాలాసార్లు నొప్పి కంటే బిగువే ఎక్కువ. పొట్ట ముందువైపు గట్టిపడుతుంది, కాసేపటికి వదిలేస్తుంది. 8 నిమిషాలకి ఒకటి, తర్వాత 20 నిమిషాలకి, ఆ తర్వాత 5 నిమిషాలకి, ఇలా ఒక పద్ధతి ఉండదు. రోజంతా తిరిగి అలిసిపోయినప్పుడు, నీళ్లు సరిగ్గా తాగనప్పుడు, మూత్రం ఆపుకున్నప్పుడు ఎక్కువవుతాయి. ఒకసారి బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, రెండు గ్లాసుల నీళ్లు తాగి, ఎడమవైపు తిరిగి పడుకుంటే చాలాసార్లు సద్దుమణుగుతాయి. కూర్చుని ఉన్నప్పుడు వస్తే లేచి నాలుగడుగులు వేసినా తగ్గొచ్చు. ఏం చేస్తే ఎలా మారుతున్నాయన్నది ఇక్కడ పెద్ద గుర్తు, యాప్‌లో దాన్ని రాసుకునే చోటే లేదు. నీళ్లు తాగాక తగ్గాయి అని ఒక్క ముక్క రాసుకునే ఖాళీ ఇచ్చినా ఎంత బాగుండేది!

నిజం నొప్పులు మీరేం చేసినా ఆగవు. పడుకున్నా వస్తాయి, నడిచినా వస్తాయి, వేడినీళ్ల స్నానం చేసినా హాయిగా ఉంటుందేమో గానీ రావడం మానవు. గంట గంటకీ ఎడం తగ్గుతుంది, ఒక్కోటీ ఎక్కువసేపు ఉంటుంది, బలం పెరుగుతుంది. చాలామందికి నడుము దగ్గర మొదలై ముందుకి చుట్టుకొస్తాయి, కొందరికి నెలసరి నొప్పిలా పొత్తికడుపులోనే ఉంటాయి. నొప్పి వచ్చినప్పుడు మాట మధ్యలో ఆగిపోతోందా లేదా అన్న గుర్తునే నేను ఎక్కువగా నమ్ముతాను. నొప్పి వస్తూండగానే ఫోన్‌లో యాప్ గురించి కబుర్లు చెప్పగలుగుతున్నారంటే ఇంకా టైమున్నట్టే, చాలావరకు.

చాలావరకు అని ఎందుకన్నానంటే, ఈ రెండింటి మధ్య గీత అంత స్పష్టంగా ఉండదు. నిజమైన పురుడు మొదట్లో కూడా నొప్పులు అడ్డదిడ్డంగానే రావచ్చు, రెండు మూడు గంటలు వరసగా వచ్చి ఆగిపోవచ్చు, మర్నాడు మళ్లీ మొదలవచ్చు. అసలు తేల్చేది గర్భసంచి ముఖద్వారం పలచబడుతోందా, తెరుచుకుంటోందా అన్నది. అది చెయ్యి పెట్టి చూసేవాళ్లకి తెలుస్తుంది గానీ ఫోన్‌కి ఎలా తెలుస్తుంది? హాస్పిటల్‌లో పొట్టకి బెల్టు కట్టి గ్రాఫ్ తీసే మెషీన్ కూడా నొప్పులు ఎప్పుడొస్తున్నాయి, ఎంతసేపు ఉంటున్నాయి అని చెబుతుంది తప్ప వాటి బలం సరిగ్గా కొలవలేదు. అలాంటిది ఈ యాప్‌లో ‘నొప్పి బలం 1 నుంచి 10’ అని ఒక గీత పెట్టి, మనం వేలితో లాగిన అంకెలతోనే రంగురంగుల గ్రాఫ్ గీసి చూపిస్తుంది. చూడ్డానికి ల్యాబ్ రిపోర్టులా ఉంటుంది. అందులో ఉన్నది మనం అనుకున్నదే, అంతకు మించి ఏమీ లేదు.

మెసేజ్ దగ్గరికొద్దాం. ఒక సాయంత్రం బిగువులు దగ్గర దగ్గరగా వచ్చాయి, నాలుగైదు నొక్కానో లేదో స్క్రీన్ ఎర్రగా మారి ‘వెంటనే బయల్దేరండి’ అంది. నీళ్లు తాగి పడుకున్నాను, గంటలో ఒక్కటీ లేదు. యాప్ చివరి కొన్నింటి యావరేజ్ తీసుకుని తీర్పు చెప్పేస్తోంది, అదే పద్ధతి గంటసేపు నిలబడిందా అని చూడటం లేదు. ఇంకో తమాషా ఏంటంటే, ఆపడానికి నొక్కడం మర్చిపోయి నిద్రపోతే ముప్పావుగంట నొప్పి ఒకటి లిస్టులోకి ఎక్కుతుంది, దాన్ని తీసేయడానికి మూడు మెనూలు దాటాలి, తీసేదాకా యావరేజ్ అంతా నాశనం. నొప్పుల మధ్య ఫుల్ స్క్రీన్ యాడ్ వేసినవాడికి మాత్రం ఒక దండం. డైపర్ల యాడ్ మూసే గుర్తు వెతుక్కునేలోగా నొప్పి అయిపోయింది.

పేరుకి మాత్రం డిఫాల్ట్‌గా ఇందులో పెట్టింది 5-1-1 లెక్క. అంటే నొప్పులు 5 నిమిషాలకి ఒకటి చొప్పున, ఒక్కోటీ 1 నిమిషం ఉంటూ, 1 గంటసేపు అలాగే సాగితే బయల్దేరమని. నెలలు నిండి, తొలి కాన్పు అయి, వేరే ఇబ్బందులేమీ లేకపోతే ఇది పనికొచ్చే లెక్కే. నాకు రెండోది. రెండో కాన్పు చాలామందికి మొదటిదాని కంటే త్వరగా అయిపోతుంది, కాబట్టి 5-1-1 వచ్చేదాకా కూర్చుంటే ఆలస్యమయ్యే ప్రమాదం ఉంది, మా డాక్టర్ ముందే ఫోన్ చేయమంది. హాస్పిటల్ దూరమైనవాళ్లకి, ముందు సిజేరియన్ అయినవాళ్లకి, కవలలున్నవాళ్లకి, బీపీ లాంటివి ఉన్నవాళ్లకి కూడా ఈ లెక్క సరిపోదు, వాళ్లకి డాక్టర్ ఏం చెబితే అదే లెక్క. సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు, నిజమే. కానీ అది ఎక్కడో అడుగున, రింగ్‌టోన్ మార్చే చోట దాచారు!

అన్నిటికంటే నాకు కోపం వచ్చింది వేరే విషయానికి. ఈ యాప్ ఎన్నో వారం అని అడగదు. ఈమెయిల్ అడుగుతుంది, లొకేషన్ అడుగుతుంది, బిడ్డకి ఏం పేరు అనుకుంటున్నారని కూడా అడుగుతుంది. 37 వారాలు నిండకముందు నొప్పులు ఒక పద్ధతిలో వస్తుంటే గంటసేపు బటన్ నొక్కుకుంటూ కూర్చోకూడదు, వెంటనే హాస్పిటల్‌కి ఫోన్ చేయాలి. నెలసరి నొప్పిలా ఉండటం, నడుము లాగుతూ ఉండటం, కిందికి బరువుగా అనిపించడం, ఇవి కూడా నెలలు నిండకముందు తేలిగ్గా తీసుకునేవి కావు. 33వ వారంలో ఉన్న అమ్మాయి ఈ యాప్ తెరిస్తే ‘ఇంకా టైముంది, విశ్రాంతి తీసుకోండి’ అని పువ్వు బొమ్మతో చెబుతుంది. అది చాలా తప్పు.

అలాగే కొన్ని జరిగితే అసలు లెక్కపెట్టే పనే లేదు, ఏ వారమైనా సరే. ఉమ్మనీరు పోతే, ఒక్కసారిగా పోయినా, బట్ట తడిసేలా కొద్దికొద్దిగా కారుతున్నా, నొప్పులు లేకపోయినా ఫోన్ చేయాలి. ఆ నీరు ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటే బిడ్డ లోపలే మలం పోసి ఉండొచ్చు, అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. నెలలు నిండాక చిక్కటి జిగురు కొంచెం గులాబీ రంగుతోనో గోధుమ చారలతోనో పడితే అది వేరు, పురుడు దగ్గరపడుతోందని అర్థం, కొందరికి ఆ రోజే, కొందరికి కొన్ని రోజుల తర్వాత. నెలసరిలా ఎర్రగా రక్తం పోతే మాత్రం ఆగకుండా వెళ్లాల్సిందే. పొట్ట గట్టిపడి వదలకుండా ఒకటే నొప్పిగా ఉన్నా అంతే. తలనొప్పి విపరీతంగా ఉండి కళ్ల ముందు మెరుపులు కనిపించినా అంతే.

బిడ్డ కదలికల గురించి విడిగా చెప్పాలి. చివరి వారాల్లో చోటు చాలక బిడ్డ కదలడం తగ్గిస్తుంది అని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు, ఈ యాప్‌లో ‘చిట్కాలు’ పేజీలో కూడా అదే రాసి ఉంది. నిజం కాదు. కదిలే తీరు మారొచ్చు, తన్నులకి బదులు పొర్లినట్టు అనిపించొచ్చు, కానీ కదలికలు తగ్గకూడదు, నొప్పులు మొదలయ్యాక కూడా తగ్గకూడదు. తగ్గాయని అనిపిస్తే మర్నాటిదాకా చూద్దాం అనుకోకుండా అప్పుడే వెళ్లండి. ఆ పేజీ గురించి యాప్ వాళ్లకి మెయిల్ పెట్టాను, ఆటోమేటిక్ రిప్లై ఒకటి వచ్చింది, అంతే.

ఇంకో ఫిర్యాదు, ఇది పూర్తిగా యాప్ తప్పు కూడా కాదు. ఎర్ర మెసేజ్ చూసి పరిగెత్తుకెళ్తే, హాస్పిటల్ వాళ్లు ముఖద్వారం చూసి ‘ఇంకా తెరుచుకోలేదు, ఇంటికి వెళ్లి రండి’ అంటారు, వెళ్లినవాళ్లు చిన్నబుచ్చుకుని తిరిగొస్తారు. ఇందులో చిన్నబుచ్చుకోవడానికేం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల ప్రకారం ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచే పురుడు వేగం అందుకున్నట్టు లెక్క, మొత్తం తెరుచుకోవాల్సింది 10. ఆ మొదటి 5 సెంటీమీటర్లకి ఎంత టైము పడుతుందో మనిషి మనిషికీ మారుతుంది, తొలి కాన్పు అయితే చాలా గంటలు పట్టొచ్చు. ఆ టైములో అన్నీ బాగుంటే ఇంట్లో నిద్రపోవడం, తేలిగ్గా ఏదైనా తినడం, అటూ ఇటూ తిరగడం మంచిది. ఈ యాప్ నిద్రపోనివ్వదు! ‘చివరి నొప్పి వచ్చి 30 నిమిషాలైంది, అంతా బాగుందా?’ అని మోగుతుంది. నోటిఫికేషన్లు మొదటి రోజే ఆపేయండి.

నేను వాడిన పద్ధతి చెబుతాను. వచ్చిన ప్రతి బిగువుకీ బటన్ నొక్కలేదు, అలా చేస్తే పిచ్చెక్కుతుంది, ఆ టెన్షన్‌కి నిద్ర కూడా పట్టదు. ముందు నీళ్లు, బాత్రూమ్, పడక. తగ్గితే ఫోన్ ముట్టుకోలేదు. తగ్గకపోతే ఒక గంట లెక్కపెట్టి ఆపేశాను, మధ్యలో వేరే పని చూసుకుని, బలం పెరిగిందనిపించినప్పుడు మళ్లీ మొదలుపెట్టాను. పైన మెసేజ్ ఏం చెబుతోందో చదవలేదు. చివరికి హాస్పిటల్‌కి ఫోన్ చేసినప్పుడు ఈ లిస్టు నిజంగా అక్కరకొచ్చింది. నర్స్ అడిగింది అడిగినట్టు మా ఆయన చదివేశాడు, ఎప్పుడు మొదలయ్యాయి, ఇప్పుడు ఎంత ఎడం, ఒక్కోటీ ఎంతసేపు. ఈలోగా ఒక నొప్పి వచ్చి నేను మాట ఆపేశాను, ఆమె ఆ మౌనం విని ‘వచ్చేయండి’ అంది. లిస్టుని ఒక్క పేజీగా షేర్ చేసే సదుపాయం కూడా ఉంది, అడ్మిట్ చేసుకునేటప్పుడు అదే చూపించాం. మూడో స్టార్ దానికే.

యాప్ చేసినవాళ్లు ఇది చదివితే, బటన్ చూపించే ముందు ఒక పేజీ పెట్టండి. ఎన్నో వారం, ఎన్నో కాన్పు, ముందు ఆపరేషన్ అయ్యిందా, మీ డాక్టర్ ఎప్పుడు ఫోన్ చేయమన్నారు, నీరు గానీ రక్తం గానీ పోతోందా, బిడ్డ కదులుతోందా. ఏ జవాబైనా తేడాగా ఉంటే టైమర్ తెరవకుండా ఫోన్ నంబర్ చూపించండి. చిట్కాల పేజీలో కదలికల మాట సరిచేయండి. ఇవి వచ్చిన అప్‌డేట్‌కి ఇంకో స్టార్ ఇస్తాను. ఐదోది యాడ్ తీసేస్తే.