రబ్బరు పాదాలతో రెండేళ్ళు

మా నాలుగు కాళ్ళ రోబోకి బరువు తెలిసే పాదాలు తొడిగి రెండేళ్ళు దాటింది. ఐదు కిలోల యంత్రం, కుక్కపిల్లంత ఉంటుంది. విజయనగరంలో ఓ ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో టెక్నీషియన్‌ని నేను. ఆ పాదాలకు రబ్బరు పోత పోసిందీ, తెగిన వైర్లు అతికిందీ నేనే కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

ముందు లోడ్‌సెల్ అనే బరువు కొలిచే దిమ్మ పెట్టాం, కిరాణా కొట్టు కాటాలో ఉండే రకమే. దాంతో వాడే హెచ్‌ఎక్స్711 చిప్పు సెకనుకి 10 రీడింగులిస్తుంది, వేగం పెంచితే 80. ఆ 80లో కూడా రీడింగు కుదురుకోవడానికి 50 మిల్లీసెకన్లు కావాలి. మా రోబో పరిగెడితే పాదం నేల మీద ఉండేదే 120 మిల్లీసెకన్లు. బెల్లం తూచుకోవడానికి పనికొస్తుంది. పైగా కాలి చివర ఆ అల్యూమినియం దిమ్మ వేలాడితే కాలు ఊపడానికే మోటార్లు కాలిపోయేంత వేడెక్కేవి.

రబ్బరు పాదం ఆలోచన చిరుతలా పరిగెత్తే చీతా రోబోలు చేసిన అమెరికాలోని ఎంఐటీ ల్యాబుది. 2014లోనే దాని మీద పేపరు వేశారు. వాతావరణ పీడనం కొలిచే చిన్న చిప్పుల్ని మెత్తటి పాలీయురెథేన్ రబ్బరులో పాతేస్తారు. పాదం నేలను తాకగానే రబ్బరు నలిగి చిప్పులో పీడనం పెరుగుతుంది. నాలుగు చిప్పులు పెడితే బరువు ఏ పక్కకు ఒరిగిందో కూడా తెలుస్తుంది.

కష్టమంతా పోతలోనే. చిప్పు మీది సూది బెజ్జంలో గాలి మిగిలితే ఆ పాదం మొద్దుబారినట్టే. గాలి లాగేసే వాక్యూమ్ ఛాంబర్ కొనే స్తోమత లేదు. కోట దగ్గర ఏసీలు బాగుచేసే కుర్రాడి పంపు అడిగి తెచ్చి, పాత స్టీలు కుక్కరుకు మందపాటి యాక్రిలిక్ మూత బిగించాం. "కుక్కర్లో పాయసమేటి మాస్టారూ?" అన్నాడు. అన్నట్టే అయింది. పంపు వేయగానే రబ్బరు పాలలా పొంగి గిన్నె దాటేసింది. అప్పట్నుంచి గిన్నెలో పావు వంతే పోస్తున్నాను. పొంగు పైకి లేచి, ఒక్కసారి కూలి, తర్వాత ఒక్కో బుడగా చిట్లుతుంది. అదంతా అయ్యేదాకా మూత తీయకూడదు.

వానాకాలంలో మాత్రం పోయకండి. ఈ రబ్బరు గట్టిపడేలోపు గాలిలో తేమ తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుట్టి లోపల్లోపలే బుడగలేస్తుంది. శ్రావణంలో పోసిన ఒక బ్యాచ్ మొత్తం రస్కు ముక్కలా తేలింది.

చిప్పుల్లో తేలిగ్గా దొరికేది బీఎంపీ280. అది కొలవగలిగే పీడనం హద్దు 1100 హెక్టోపాస్కల్స్. మామూలు గాలికే 1010 చిల్లర పోతుంది కదా, మనకు మిగిలేది తొంభై. మా మొదటి పాదాలు రోబో గెంతినప్పుడల్లా గ్రాఫులో పైన కత్తిరించినట్టు చదునైన గీత చూపించాయి. రబ్బరు మందం పెంచాక దారికొచ్చింది.

నాకు బాగా నచ్చిన సంగతి నాలుగైదు నెలలకు గానీ తెలియలేదు. రోబోని కదలకుండా నిలబెడితే రీడింగు మెల్లగా జారిపోతుంది, రబ్బరు అణిగిపోతూ ఉంటుంది కదా. మే నెలలో డాబా మీద పెడితే ఎండకు రబ్బరు ఉబ్బి, ఎవరూ తొక్కకుండానే బరువు చూపిస్తుంది. అల్పపీడనం పట్టిన రోజున నాలుగు పాదాలూ కూడబలుక్కున్నట్టు కిందికి దిగాయి! కానీ పరిగెత్తేటప్పుడు ఈ రోగాలేవీ అంటవు. ప్రతి అడుగుకీ పాదం గాల్లోకి లేస్తుంది, అక్కడి రీడింగునే సున్నా అనుకుంటే చాలు. తప్పెటగుళ్ళ దరువులా గీత లేచి పడుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. అందుకే నడక, నిలబడటం మీదే పని చేసేవాళ్ళకు దీన్ని చెప్పను. పరుగు, గెంతు అయితే కళ్ళు మూసుకుని పెట్టుకోవచ్చు. అప్పుడైనా "నేల తగిలిందా?" అన్నదానికి జవాబు నమ్మండి, "ఎన్ని కిలోలు?" అన్నదానికి జవాబు కాస్త అటూ ఇటూ ఉంటుంది.

వైర్ల గోల చెప్పకపోతే అబద్ధమాడినట్టే. చీలమండ దగ్గర రెండు మూడు వారాలకోసారి తెగేవి. మోటార్ల రొదకి సిగ్నల్ కూడా చెడేది. పిక్కకే చిప్పుల రీడింగు చదివే చిన్న కంట్రోలర్ కట్టి, వైర్లను వదులుగా ఒక చుట్టు తిప్పాక ఆరు నెలలుగా ఒక్కటీ తెగలేదు.

సిమెంటు డాబా అడుగుభాగాన్ని గీకేస్తోందని ఇప్పుడు సైకిల్ ట్యూబు ముక్క అతికిస్తున్నాను. అరిగితే పీకి ఇంకోటి. అతికించిన ప్రతిసారీ తూకం రాళ్ళు పెట్టి ఏ రీడింగుకి ఎంత బరువో మళ్ళీ సరిచూసుకోవాలి (కాలిబ్రేషన్), దానికో మధ్యాహ్నం పోతుంది.